బుట్టలో రొయ్యలు, ఫోన్‌లో ఓటీపీ

భీమవరం వైపు ఒక పల్లె నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. అవి తీసేసి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమె బీకాం చదివారు. పెళ్ళికి ముందు రాజమండ్రిలో ఒక ఆడిటరు దగ్గర పనిచేశారు. అత్తవారికి పద్దెనిమిది ఎకరాల రొయ్యల చెరువులున్నాయి, కొంత సొంతం, కొంత లీజు. పనంతా మామగారు, భర్త చూసుకుంటారు. సరుకు కొన్న కంపెనీ ఇచ్చే బిల్లులు మాత్రం మూడు పేర్ల మీద వస్తాయి: మామగారిది, భర్తది, ఈమెది. ఏ పేరు మీదా ఏడాదికి 50 లక్షలు దాటకుండా చూసుకుంటారు. ఏటా రిటర్నులు వేసే రోజుల్లో భర్త ఫోన్ చేసి "ఓటీపీ వచ్చుంటుంది, చెప్పు" అంటారు. ఈమె చెబుతారు. అయిదేళ్ళుగా ఇదే వరస.

"ఈసారి ఎందుకో అనుమానమొచ్చి పాత రిటర్ను తీసి చూశాను. నా పేరు మీద 9 లక్షల వ్యవసాయ ఆదాయం అని ఉంది. మాకు సెంటు వరి చేను కూడా లేదు. మిగతా ఇద్దరి రిటర్నుల్లోనూ ఇంచుమించు అంతే" అని రాశారు. అడిగితే మామగారు నవ్వేశారట. "వరైనా రొయ్యైనా నీళ్ళలో పండేదేగా అమ్మాయ్! ఊరంతా నన్ను రైతనే పిలుస్తుంది, షావుకారని ఎవరైనా అన్నారా?" భర్త ఇంకొంచెం సూటిగా చెప్పారు: "చెరువున్న ప్రతి ఇంట్లో ఇదే లెక్క. మనమొక్కళ్ళమే కట్టి ఎవర్ని ఉద్ధరిస్తాం?" ఈమె తండ్రి రిటైరైన స్కూలు మాస్టారు. "మా నాన్న సర్వీసంతా పన్ను కట్టారు" అని ఈమె అంటే మామగారన్న మాట బాగా గుచ్చుకుంది. "కట్టారా, కోసుకున్నారా? చేతికి రాకముందే కోసేసుకుంటే ఎవరైనా నిజాయతీపరులేనమ్మా."

ఆ మామగారు చెడ్డవారు కాదని కూడా ఆమే రాశారు. చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలకు ఏ నెలా జీతం ఆపలేదు. లీజు డబ్బు నోటి మాట మీద రోజు తప్పకుండా ఇస్తారు. గుడికీ బడికీ ముందు చందా ఆయనదే. ఇప్పుడు మరిదిని పై చదువుకి విదేశం పంపే ప్రయత్నంలో ఉన్నారు. వీసా కోసం ఇంటి ఆదాయం గట్టిగా కనబడాలని ఆడిటరు చెప్పాడు. మళ్ళీ రిటర్నుల కాలం దగ్గర పడుతోంది. "ఓటీపీ చెప్పకపోతే ఇంట్లో గొడవ. చెబితే నాకు నిద్ర పట్టదు. ఒకసారైతే డిపార్ట్‌మెంటుకే రాసేద్దామా అనిపించింది. ఏం చెయ్యాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. రొయ్యల మీద చట్టం ఏమంటుందన్నది ఒకటి. మీ పేరు ఏ లెక్కలో ఉందన్నది రెండోది. మీ మామగారు ఎలాంటి మనిషన్నది మూడోది. ఇవి కలిసిపోవడం వల్లే మీకింత టెన్షన్. విడదీసి చూద్దాం.

చట్టం సంగతి తేలిక. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం ఆదాయపు పన్ను వెయ్యదు. రాజ్యాంగం ఆ పన్నును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. మరి వ్యవసాయం అంటే ఏది? అడవి కలప అమ్మకం మీద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1957లోనే దీన్ని తేల్చింది. దున్నడం, విత్తడం, నాటడం లాంటి పని నేల మీద జరగాలి. నేలతో ఏదో ఒక సంబంధం ఉన్నంత మాత్రాన పాడి, కోళ్ళ పెంపకం లాంటివి వ్యవసాయం అయిపోవు. చేపలు, రొయ్యల పెంపకాన్నీ పన్ను శాఖ వ్యాపార ఆదాయంగానే చూస్తుంది. చేను చెరువుగా మారాక వచ్చే లీజు డబ్బుకూ వ్యవసాయ మినహాయింపు నిలవదు. 1961 చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి తప్ప ఈ విషయంలో తేడా లేదు.

అయినా మీ మామగారి మాటను అడ్డగోలు వాదన అని కొట్టిపారెయ్యలేను. ఆయన్ని రైతు అన్నది ఊరొక్కటే కాదు. ప్రభుత్వమూ ఆక్వా రైతనే అంటుంది, కరెంటు రాయితీ ఆ పేరు మీదే ఇస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డును చేపలు, రొయ్యల సాగుకు పెంచింది కూడా ప్రభుత్వమే. ఇన్ని చోట్ల రైతు అయిన మనిషి ఒక్క పన్ను కాగితం మీద వ్యాపారి అవుతాడంటే చిరాకే. మొదట్లో ఆయన నిజంగానే అలా నమ్మి ఉండొచ్చు. కానీ బిల్లులు 50 లక్షల లోపు ఉండేలా మూడు పేర్ల మీదకు చీల్చడం మాత్రం నమ్మకంతో చేసే పని కాదు. ఆ గీత ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. పెద్ద టర్నోవరున్న కంపెనీ ఒకే మనిషి దగ్గర ఏడాదిలో 50 లక్షలకు మించి సరుకు కొంటే, పైమొత్తం మీద 0.1 శాతం టీడీఎస్ (డబ్బు చేతికివ్వక ముందే పట్టుకునే పన్ను) కోసి ఆ మనిషి పాన్ నంబరు మీద జమ చెయ్యాలి. కోసేది చిన్న మొత్తమే. అయితే అలా కోస్తే అమ్మకం శాఖ కంటబడుతుంది. అది తెలిసినవాళ్ళే ఈ గీత కింద ఆగుతారు.

ఇక మీ పేరు. ఓటీపీ అంటే ఏదో సిలిండర్ తెచ్చిన కుర్రాడికి చెప్పే నంబరులా మనకు అలవాటైపోయింది. రిటర్ను దగ్గర అది మీ సంతకం. ఇందులో రాసినవన్నీ నాకు తెలిసి నిజాలు, పూర్తి వివరాలు అని ఆ రిటర్నులో ఒక ప్రకటన ఉంటుంది. మీరు చెప్పే అంకెలు దాని కింద పడతాయి. ఆదాయం తక్కువ చూపితే ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలిస్తే 200 శాతం జరిమానా పడొచ్చు. నోటీసు మీ పేరునే వస్తుంది. నిన్నటిదాకా చూడకుండా చెప్పారు. ఇప్పుడు చూశారు. ఆ తేడా మీకు అర్థమైంది కాబట్టే నిద్ర పట్టడం లేదు.

ఇంకో మెలిక ఉంది, మీ ఆడిటరు చెప్పారో లేదో. మామగారు తన ఆస్తిని తగిన ప్రతిఫలం తీసుకోకుండా కోడలి పేర పెడితే, దాని మీద వచ్చే ఆదాయాన్ని మామగారి ఆదాయంలోనే కలిపి లెక్కకట్టాలని చట్టంలో ఉంది. కొడుకు భార్య అని విడిగా పేర్కొని మరీ రాశారు. మన ఇళ్ళ సంగతి వాళ్ళకు బాగా తెలుసన్నమాట! కాబట్టి వ్యవసాయం అన్నచోట వ్యాపారం అని దిద్దుకుంటే మీ పని అయిపోదు. ఆ 9 లక్షలు అసలు మీవేనా అన్నది ముందు తేలాలి. మీ పేర లీజు కాగితం, మీ ఖాతాలోంచి మేతకీ సీడ్‌కీ (రొయ్య పిల్లలకీ) పెట్టిన ఖర్చు, చెరువు మీద మీ నిర్ణయం ఉంటే అది మీ వ్యాపారం. ఇవేవీ లేకపోతే అది మామగారి ఆదాయానికి మీ పేరు తొడగడం.

దీనివల్ల ఎంత మిగులుతోందో మీ ఇంట్లో ఎవరైనా లెక్క వేశారా అని నా అనుమానం. ముగ్గురి మీదా తలా 9 లక్షలంటే మొత్తం 27 లక్షలు. అది ఒక్కరి ఆదాయమైతే 2025-26 శ్లాబుల ప్రకారం పన్ను, సెస్సు కలిపి 4 లక్షల 5 వేల పైచిలుకు. మంచి పంట వచ్చిన ఏడాది మాట ఇది. ముగ్గురూ నిజంగానే విడివిడిగా సాగు చేస్తూ తలా 9 లక్షలు వ్యాపార ఆదాయంగా చూపితే అదే ఏడాదికి పన్ను సున్నా, ఎందుకంటే కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను మాఫీ చేసే రిబేటు ఉంది. అంటే చట్టం ఒప్పుకునే పద్ధతిలో ఇంటి వ్యాపారాన్ని అమర్చుకుంటే తగ్గేదానికి, మీవాళ్ళు అబద్ధం అడ్డుపెట్టారు.

నష్టం వచ్చిన ఏడాది సంగతి ఇంకా విడ్డూరం. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులో రొయ్యలు మొత్తం పోయిన ఏడాది మీ ఇంటికీ ఉండే ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రేట్లు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకాలు రాసి, గడువులోగా రిటర్ను వేసి, ఆ నష్టాన్ని వ్యాపార నష్టంగా చూపి ఉంటే, తర్వాతి ఎనిమిదేళ్ళ వ్యాపార లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. వ్యవసాయం అని రాసుకున్నందుకు ఆ వీలు పోయింది. మునిగిన చెరువు మునిగినట్టే ఉంది. ఈ మాట మీ మామగారికి చెప్పి చూడండి. నీతులు వినని మనిషి కూడా నష్టం మాట వింటారు.

ఆయన గురించి ఇప్పుడు నాలుగు మాటలు. నోటి మాట మీద లీజు చెల్లించే మనిషి పన్ను దగ్గర ఎందుకిలా అన్నదే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. డెల్టాలో నేను చూసినంతవరకు ఇది ఆయనొక్కడి తీరు కాదు. మనవాళ్ళ నిజాయతీ ముఖం తెలిసిన మనిషి దగ్గర గట్టిగా ఉంటుంది. భూమి ఇచ్చినవాడు, చెరువు గట్టు మీద రాత్రంతా మేలుకునేవాడు, గుడి కమిటీలో ఎదురుగా కూర్చునేవాడు, వీళ్ళ బాకీ బాకీయే. ప్రభుత్వానికి ముఖం లేదు. కనిపించే ముఖమల్లా పని మీద వెళ్తే చెయ్యి చాపే ఎవరో ఒకాయన. అలాంటివాళ్ళకు ఇవ్వకపోతే తప్పేముందని ఊరు అనుకుంటుంది. పైగా 1973-74లో ఆదాయపు పన్ను పై రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. ఆ రోజుల్లో దాచుకోవడమే తెలివి అని నేర్చుకున్న తరం మీ మామగారి ముందు తరం. రేట్లు దిగొచ్చాయి. అలవాటు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేసింది.

"సర్కారు మాకేం చేసింది" అన్న మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. డ్రెయిన్లలో పూడిక, మేత లారీలకు చితికిపోయిన రోడ్లు, ఆ ఫిర్యాదులో నిజముంది, నేను కాదనను. కానీ అదే నోటితో కాటన్ దొరకు దండం పెడతాం. ఊరూరా ఆయన విగ్రహాలు నిలబెట్టుకున్నాం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను ఎవరూ చందాలెత్తి కట్టలేదు. ఖజానా సొమ్ముతో కట్టారు. ఆ ఖజానాకు శిస్తు కట్టినవాళ్ళ పేర్లు ఏ విగ్రహం మీదా లేవు.

"అందరూ ఇంతే" అన్న మీవారి మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అని మన సామెత. మీ జిల్లాకు అది మరీ అతికినట్టు సరిపోతుంది! పక్కవాడు కట్టడని నమ్మినవాడు తానూ కట్టడు. ఆ నమ్మకాన్ని మీరొక్కరే మార్చలేరు, మార్చే బాధ్యత మీ నెత్తిన లేదు కూడా.

మీ నాన్నగారి మీద పడ్డ మాట సంగతి. అది ఎత్తిపొడుపే అయినా అందులో సగం నిజం ఉంది. కోత పడే జీతంలో ఎగ్గొట్టే అవకాశం తక్కువ. కానీ అవకాశమే లేదనడం తప్పు. లేని అద్దె, ఇవ్వని విరాళం, చెయ్యని ఖర్చు చూపించి కోసిన పన్నును రీఫండుగా వెనక్కి లాగేసుకుంటున్న ఉద్యోగులు ఎందరో ఉన్నారు. 2025 జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశమంతటా 150కి పైగా చోట్ల తనిఖీలు జరిగాయి. అప్పటికి నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని పన్ను బోర్డు చెప్పింది. మీ నాన్నగారి ముందూ ఆ దారి ఉండేది. ఆయన అటు వెళ్ళలేదు. ఈ జవాబు మామగారి మీద విసరమని చెప్పడం లేదు, మీ మనసులో ఉంచుకోవడానికి చెబుతున్నాను.

ఇక మీ ముందున్న దారులు. పాత వరసలోనే ఓటీపీ చెప్పేస్తే ఈ ఏడాదికి ఇల్లు ప్రశాంతం. నోటీసు రాకపోవచ్చు కూడా. రాదని మీకు భరోసా ఇవ్వలేను, వస్తుందని భయపెట్టనూ లేను. బ్యాంకులు, కంపెనీలు ఇచ్చే సమాచారమంతా ఇప్పుడు పాన్ నంబరు మీద పేరుకుపోతోంది. ఎవరి లెక్క ఎప్పుడు తీస్తారో చెప్పలేం. వచ్చినప్పుడు "నాకు తెలియదు" అనే మాట ఇక మీకు లేదు.

డిపార్ట్‌మెంటుకు రాయడం రెండోది. ఆ వీలుంది, చట్టం దాన్ని తప్పనదు. నేనైతే మొదటి అడుగుగా అది చెయ్యమనను. ఇంట్లో సరిదిద్దుకునే అవకాశం ఒక్కసారైనా ఇవ్వకుండా ఫిర్యాదు చేస్తే ఆ ఇంట్లో మీ బతుకు ఏమవుతుందో మీకే తెలుసు. పైగా ఆ మూడు రిటర్నుల్లో ఒకటి మీదే. మీ మీద ఒత్తిడి పెంచి, బెదిరించి సంతకాలు చేయించుకునే పరిస్థితి వస్తే అప్పుడు ఆలోచన వేరు. ఉత్తరం చదివితే మీ ఇల్లు అలాంటిదనిపించలేదు.

ఇక మూడోది, ఇకముందు మీ పేరు వరకు సరిగ్గా ఉంచుకోవడం. నాకు నచ్చేది ఇదే. "నా పేర బిల్లులు రావాలంటే లీజు కాగితం నా పేర రాయండి, ఖర్చులు నా ఖాతాలోంచి పెడదాం, లెక్క నేనే రాస్తాను, వ్యాపారమనే చూపుతాను. అది కుదరదంటే నా పేరు తీసెయ్యండి." ఇందులో మామగారిని దొంగ అన్నట్టేం లేదు. మీ కాగితం మీ ఇష్టమన్నట్టుంది, అంతే. ముగ్గురూ భాగస్వాములుగా ఫర్మ్ పెట్టుకోవడం కూడా ఒక పద్ధతే, కాకపోతే ఫర్మ్ లాభం మీద 30 శాతం పన్ను. భాగస్వాములకిచ్చే జీతాలు పరిమితి మేరకు పోగా మిగిలేదానికే అది. మీకు ఏది లాభమో లెక్క వేసి చూడండి. 2 కోట్ల లోపు టర్నోవరుకు పుస్తకాలు లేకుండా, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములో 6 శాతం లాభంగా చూపే పద్ధతి ఒకటుంది. మీ ఆడిటరు తప్పకుండా అదే చెబుతాడు. లాభం అంతకు చాలా ఎక్కువని మీ పుస్తకమే చెబుతుంటే, ఆ అంకె దగ్గర ఆగడం పాత అబద్ధానికి కొత్త చొక్కా వెయ్యడమేనని నా అభిప్రాయం. ఒప్పుకోని ఆడిటర్లు ఉంటారు.

పాత ఏళ్ళు దిద్దుకోవడం దీనికి తరువాయి. రిటర్ను సవరించే గడువు దాటినా, అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిసినప్పటి నుంచి 48 నెలల దాకా అప్‌డేటెడ్ రిటర్ను వెయ్యొచ్చు. పన్ను, వడ్డీ కలిపిన దాని మీద మొదటి 12 నెలల్లో అయితే 25 శాతం అదనం, తర్వాత వరసగా 50, 60, 70. సోదా జరిగితే ఈ తలుపు మూసుకుపోతుంది. ఆ 9 లక్షలు మీవేనని తేలితే, 2024-25 సంవత్సరానికి కొత్త విధానంలో పన్ను 41,600. పాతిక శాతం అదనం కలిపితే 52 వేలు, పైన కొంత వడ్డీ. మీ చెరువులకు ఒక్క వారం మేత బిల్లు ఎంతో ఒకసారి దీని పక్కన పెట్టి చూడండి. ఆ డబ్బు మామగారిదని తేలితే దిద్దాల్సింది ఆయన రిటర్ను. అందుకు ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు గతం అలాగే ఉండిపోతుంది, ఆ ప్రమాదం కొంత మీ మీదా ఉంటుంది. దాన్ని తుడిచేసే ఉపాయం నా దగ్గర లేదు.

ముందు మీవారితో మాట్లాడండి, మామగారితో కాదు. భోజనాల దగ్గర అందరి ముందూ వద్దు, రిటర్నుల హడావుడిలో అసలే వద్దు. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు వచ్చి మనసు తేలికగా ఉన్న రోజు చూసుకోండి. నీతి మాటలతో మొదలుపెట్టకండి. మరిది వీసా మీకు దొరికిన మంచి సందర్భం. ఆడిటరు ఆదాయం "గట్టిగా కనబడాలి" అన్నాడంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూపాలనా, లేనిదాన్ని పెంచాలనా అని సూటిగా అడగండి. పెంచాలనే అయితే ఒకే ఇల్లు పన్ను వాళ్ళకో ఆదాయం, కాన్సులేటు వాళ్ళకో ఆదాయం చెప్పబోతోంది. ఆ పిల్లవాడి దరఖాస్తు దాని మీద నిలబడాలి. ఉన్నదే చూపాలంటే వ్యవసాయం అన్న మాట కొట్టెయ్యక తప్పదు. ఇది వింటే మీవారు ఆలోచనలో పడతారనే అనుకుంటున్నాను.

అంతకంటే ముందు ఒక చిన్న పని. పన్ను పోర్టల్‌లో మీ ఖాతా పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. దాన్ని మార్చి, మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిలు పెట్టుకోండి. అందులోనే మీ వార్షిక సమాచార పత్రం ఉంటుంది. మీ పేర ఏయే అమ్మకాలు, ఏ బ్యాంకు వడ్డీ నమోదయ్యాయో చూసుకోండి. మీ అయిదేళ్ళ రిటర్నులూ దింపి పెట్టుకోండి. వాటిని పట్టుకుని, ఇంటి ఆడిటరు కాకుండా వేరొకరి దగ్గరికి, వీలైతే వేరే ఊళ్ళో, ఒక్కసారి వెళ్ళి రండి. రాజమండ్రిలో మీరు పనిచేసినాయన ఉన్నారుగా.